తొమ్మిదిలో పది

సంఖ్యామానాలను గూర్చి పాఠం చెబుతూ ఉండగా ఒక విద్యార్థి లేచి ఇట్లు అడిగాడు: "మాస్టారూ, ఇరవైలో రెండు ఉన్నది, ముప్పైలో మూడు ఉన్నది, నలభైలో నాలుగు ఉన్నది. వింటూనే తెలిసిపోతున్నదండీ. మరి తొమ్మిదిలో ఏమున్నదండీ?"

"అందులో ఏమీ లేదు, అది ఒక పేరు మాత్రమే" అని చెప్పి పాఠం ముందుకు సాగించాను. ఇంటికి వచ్చి ఆలోచించగా ఆ జవాబు సరి అయినది కాదని తేలింది. తొమ్మిదిలో ఒక సంఖ్య దాగి ఉన్నది. అయితే అది తొమ్మిదికన్న చిన్న సంఖ్య కాదు. తొమ్మిదికన్న పెద్దదైన పది. చిన్న సంఖ్య పేరులో పెద్ద సంఖ్య ఎట్లు వచ్చి చేరింది? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి వ్యాకరణము, ఇరుగుపొరుగు భాషలు, మన చేతివ్రేళ్ళు, మన కళ్ళు అన్నీ సాక్ష్యం చెప్పవలసి ఉన్నది.

పది వేసుకొన్న వేషాలు

ముందుగా పదుల పేర్లను పూర్వరూపాలలో ఒకసారి చదువుకొందాము: ఇరువది, ముప్పది, నలువది, ఏబది, అరువది, డెబ్బది, ఎనుబది, తొంబది. ఇవే వాడుకలో ఇరవై, ముప్పై, నలభై, యాభై, అరవై, డెబ్బై, ఎనభై, తొంభై అయినవి. అన్నిటి చివర ఉన్నది 'పది' అనే మాటే. కాని అది అన్నిచోట్ల ఒకే వేషంతో కనబడదు. ముప్పదిలో 'పది'గానే ఉన్నది. ఇరువదిలో 'వది' అయినది. ఏబదిలో 'బది' అయినది.

ఈ మార్పులు ఉన్నత పాఠశాల విద్యార్థులకు క్రొత్తవి కావు. గసడదవాదేశ సంధిలో 'ప' కారం 'వ' కారమవుతుందనీ, సరళాదేశ సంధిలో 'ప' కారం 'బ' కారమవుతుందనీ వారు చదివే ఉంటారు. దీనికి శరీరశాస్త్ర కారణం సులభమైనది. ప, బ, మ అనే మూడింటినీ రెండు పెదవులు మూసియే పలుకుతాము. 'వ' కూడ పెదవుల సాయంతో పుట్టేదే. 'ప' పలికేటప్పుడు కంఠంలోని నాదతంత్రులు కంపించవు. 'బ' పలికేటప్పుడు కంపిస్తాయి. 'మ' పలికేటప్పుడు పెదవులు మూసి ఉండగా గాలి ముక్కుగుండా పోతుంది. ముక్కు గట్టిగా పట్టుకొని 'అమ్మ' అనే మాట పలికి చూడండి. అది 'అబ్బ'కు దగ్గరగా వినబడుతుంది. కనుక ముక్కుతో పలికే అక్షరం ప్రక్కన 'బ' వచ్చినప్పుడు అది 'మ'గా మారడం కష్టమైన పని కాదు.

ఇట్టి మార్పు తెలుగులో జరిగిందనడానికి తమిళ పదాలతో పోల్చి చూస్తే చాలును. తమిళంలో 'తంబి' అన్నది మనకు 'తమ్ముడు'. వారి 'నంబు' మనకు 'నమ్ము'. వారి 'కొంబు' మనకు 'కొమ్ము', 'కొమ్మ'. అక్కడ 'ంబ' ఉన్నచోట ఇక్కడ 'మ్మ' ఉన్నది. ఈ సూత్రాన్ని వెనుకకు త్రిప్పి తొమ్మిదికి అన్వయిస్తే, దానిలోని 'మ్మిది' ఒకప్పటి 'ంబది' అయి ఉండాలి. అనగా తొమ్మిది చివర ఉన్న 'మిది' కూడ మన పదియే. అది వేసుకొన్న నాలుగవ వేషం అన్నమాట.

ఇరుగుపొరుగు భాషల సాక్ష్యం

ఇది సంధి సూత్రంతో చేసిన గారడీ కాదు గదా అని పాఠకులు అనుమానించవచ్చును. అనుమానం మంచిదే. ఒక ఊహ నిజమో కాదో తెలియాలంటే మరొకచోట దానిని పరీక్షించాలి. తెలుగుతో పాటు ఒకే మూలంనుంచి వచ్చిన ద్రావిడ భాషలే మనకు పరీక్షాస్థలాలు.

తమిళంలో పదిని 'పత్తు' అంటారు. సమాసాలలో అది 'పదు' అవుతుంది. తొమ్మిదిని 'ఒన్బదు' అంటారు. కన్నడంలో పది 'హత్తు', దాని పూర్వరూపం 'పత్తు', తొమ్మిది 'ఒంబత్తు'. మలయాళంలో తొమ్మిది 'ఒంబదు'. తుళులో తొమ్మిది 'ఒర్ంబ'. వీటిలో పది దాగి ఉన్నదని వేరే చెప్పనక్కర లేదు. తమిళ, కన్నడాలలో పైకే కనబడుతున్నది.

ఇంతకన్న ఆశ్చర్యకరమైన సాక్ష్యం తమిళ, మలయాళాలలో తొంభైకి, తొమ్మిదివందలకు ఉన్న పేర్లలో దొరుకుతుంది. తమిళంలో నూరును 'నూరు' అనియే అంటారు. వెయ్యిని 'ఆయిరం' అంటారు. ఇప్పుడు ఈ మూడు పేర్లను ఒక వరుసలో చూడండి:

9 - ఒన్బదు (చివర పది)
90 - తొణ్ణూరు (చివర నూరు)
900 - తొళ్ళాయిరం (చివర వెయ్యి)

తొంభై పేరులో నూరు ఉన్నది. తొమ్మిదివందల పేరులో వెయ్యి ఉన్నది. ఒక్క తొమ్మిదిలోనే ఇట్లు ఉన్నట్లయితే యాదృచ్ఛికమని త్రోసివేయవచ్చును. మూడు మెట్లలోను ఇదే పద్ధతి కనబడినప్పుడు అది యాదృచ్ఛికం కాజాలదు. ప్రతి మెట్టులోను తొమ్మిదవ స్థానంలో ఉన్నదానికి పై మెట్టు పేరుతోనే నామకరణం జరిగింది. నూరు చేరడానికి ఒక పది తక్కువైనది తొంభై. వెయ్యి చేరడానికి ఒక నూరు తక్కువైనది తొమ్మిదివందలు. పది చేరడానికి ఒకటి తక్కువైనది తొమ్మిది.

ఒకటి తక్కువ

పెద్ద సంఖ్యనుంచి కొంత తీసివేసి చిన్న సంఖ్యకు పేరు పెట్టడం మనకు వింతగా తోచవచ్చును. కాని ఆ పని మనమూ చేస్తూనే ఉంటాము. ఐదు ముప్పావును 'పావు తక్కువ ఆరు' అనడం మనకు అలవాటే. 1957లో దశాంశ నాణేలు రాకమునుపు రూపాయికి పదహారు అణాలు. అప్పుడు పదిహేను అణాలను 'అణా తక్కువ రూపాయి' అన్నా అందరికీ అర్థమయ్యేది. దుకాణంలో 999 రూపాయల వస్తువును చూచి 'వెయ్యికి ఒకటి తక్కువ' అనుకొంటాము.

సంస్కృతంలో పందొమ్మిదికి 'నవదశ' అనే పేరుతో పాటు 'ఏకోనవింశతి' అనే పేరు కూడ ఉన్నది. ఏక, ఊన, వింశతి: ఒకటి తక్కువైన ఇరవై అని అర్థం. హిందీ నేర్చుకొనే మన విద్యార్థులను తికమక పెట్టేది ఈ 'ఊన' శబ్దమే. హిందీలో పందొమ్మిది 'ఉన్నీస్', ఇరవై తొమ్మిది 'ఉన్‌తీస్', ముప్పై తొమ్మిది 'ఉన్‌తాలీస్'. ఇరవై తొమ్మిదిలో ముప్పై (తీస్), ముప్పై తొమ్మిదిలో నలభై (చాలీస్) వినబడడంచేత తెలుగు విద్యార్థి ఒక పది ఎక్కువ వ్రాసివేస్తాడు. డెబ్బై తొమ్మిది వరకు ఈ వరుస సాగుతుంది. ఎనభై తొమ్మిదికి 'నవాసీ', తొంభై తొమ్మిదికి 'నిన్యానవే' అని మాత్రం కూడిక పద్ధతిలో చెబుతారు.

లాటిను భాషలో పద్దెనిమిదిని 'రెండు తక్కువ ఇరవై' అనీ, పందొమ్మిదిని 'ఒకటి తక్కువ ఇరవై' అనీ అనేవారు. రోమను అంకెలలో పది గుర్తుకు ఎడమప్రక్క ఒకటి గుర్తు వ్రాస్తే తొమ్మిది అవుతుందన్న సంగతి గడియారం చూచినవారందరికీ తెలిసినదే. మనకు ఏ సంబంధమూ లేని ఫిన్లాండు దేశపు భాషలో ఎనిమిది, తొమ్మిది పేర్ల మొదట రెండు, ఒకటి అనే మాటలు ఉన్నాయి. జపాను దేశపు ఉత్తరపు దీవిలోని ఐనూ ప్రజల భాషలో 'సినె' అంటే ఒకటి, 'తు' అంటే రెండు. తొమ్మిదిని 'సినెపెసన్' అనీ, ఎనిమిదిని 'తుపెసన్' అనీ అంటారు. పదికి ఒకటి కొరత, రెండు కొరత అని వాటి భావం. ఒకరినొకరు ఎరుగని జాతులు ఒకే ఉపాయం పన్నినవంటే, ఆ ఉపాయానికి కారణం మానవుని శరీరంలోనే ఉండి ఉండాలి.

చింతగింజల పరీక్ష

ఆ కారణాన్ని ఖర్చు లేకుండ తరగతిలోనే పరీక్షించి చూడవచ్చును. ఒక గుప్పెడు చింతగింజలు తీసుకోండి. బల్లమీద మూడు గింజలు వేసి, ఒక్క క్షణం చూపించి, వెంటనే కాగితంతో కప్పివేయండి. ఎన్ని గింజలని అడిగితే పిల్లలందరూ సరిగా చెబుతారు. నాలుగు వేసినా చెబుతారు. ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది వేసి చూడండి. జవాబులు తలకొకరీతిగా వస్తాయి.

స్టాన్లీ జెవన్స్ అనే ఆంగ్ల తర్కశాస్త్రవేత్త ఇట్టి పరీక్షను తనమీదనే జరుపుకొన్నాడు. పెట్టెలోనికి చిక్కుడుగింజలు విసరి, ఒక్క చూపులో ఎన్ని పడినవో అంచనా వేసి, తరువాత లెక్కించి సరిచూచుకొనేవాడు. వెయ్యికి పైగా చేసిన ప్రయత్నాల ఫలితాలను 1871లో 'నేచర్' పత్రికలో ప్రకటించాడు. మూడు, నాలుగు గింజల దగ్గర ఒక్క తప్పు కూడ రాలేదు. ఐదు దగ్గర తప్పులు మొదలైనవి. సంఖ్య పెరిగినకొద్దీ తప్పులు కూడ పెరిగినవి. ఆ తరువాత జరిగిన అనేక ప్రయోగాలు కూడ దీనిని బలపరచినవి. సుమారు నాలుగు వరకు మనం 'చూస్తాము', ఆపైన 'లెక్కిస్తాము'.

ఇప్పుడు రెండు చేతులూ చాచి ఒక చిటికెనవ్రేలు ముడవండి. చాచిన వ్రేళ్ళు తొమ్మిది. వాటిని చూపుతో పట్టుకోలేము. ముడిచిన వ్రేలు ఒక్కటి; అది చూడగానే కనబడుతుంది. రెండు చేతులు నిండితే పది అన్నది ముందే తెలిసిన విషయం. కనుక తొమ్మిదిని గుర్తించడానికి సులభమైన మార్గం, ఉన్న తొమ్మిదింటిని లెక్కించడం కాదు. లేని ఒక్కదానిని చూడడం. పదికి దూరంగా ఉన్న ఆరు, ఏడు సంఖ్యలకు ఈ సౌకర్యం అంతగా లేదు. అందుచేతనే ఈ రకపు పేర్లు ఎక్కువగా ఎనిమిది, తొమ్మిదుల దగ్గర కనబడుతున్నవని అనుకోవడం సమంజసము.

'తొ' అనే చిక్కు

ఇంతవరకు కథ సాఫీగా నడచింది. ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. దానిని దాచిపెట్టి 'తొమ్మిది అనగా ఒకటి తక్కువ పది, ఇదే వ్యుత్పత్తి' అని ముగించడం శాస్త్రమనిపించుకోదు.

తమిళ 'ఒన్బదు'లో మొదటి భాగం 'ఒన్'. ఒకటి అనే అర్థంగల 'ఒన్ఱు' అనే మాటలో ఉన్నది ఇదే. తుళు 'ఒర్ంబ'లోని 'ఒర్' కూడ ఒకటిని తెలిపేదే. కనుక ఆ భాషలలో 'ఒకటి - పది' అనే విభజన బాగా కుదురుతుంది. తెలుగులో మాత్రం మాట 'ఒ'తో మొదలు కాలేదు, 'తొ'తో మొదలైనది. ఒకటిని చెప్పే మన మాటలు ఒకటి, ఒక, ఒండు. వీటిలో వేటిలోను 'త' కారం లేదు. అయితే ఈ 'తొ' ఎక్కడిది?

తమిళ తొణ్ణూరు, తొళ్ళాయిరాలలో ఉన్నది. కన్నడంలో తొమ్మిది 'ఒంబత్తు' కాగా తొంభై 'తొంబత్తు'. రెండింటికీ భేదం ఆ 'త' కారమొక్కటే. తమిళ ప్రాచీన గ్రంథమైన తొల్కాప్పియంలో తొమ్మిదికి 'తొండు' అనే మరొక పేరు కూడ ఉన్నది. దీనినిబట్టి తొమ్మిదిని తెలిపే 'తొణ్' లేక 'తొళ్' అనే మూలం ద్రావిడ భాషలలో చాల ప్రాచీనమైనదని భావిస్తున్నారు. బరో, ఎమెనో పండితులు 1961లో ప్రకటించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువులో ఒన్బదు వర్గం ఒకచోట, తొండు, తొణ్ణూరు వర్గం మరొకచోట ఉన్నాయి. తెలుగు తొమ్మిది ఈ రెండు వర్గాల నడుమ నిలిచి ఉన్నది: తల ఒక వర్గానిది, తోక మరొక వర్గానిది.

'తొళ్' అనే మూలానికి మొదట అర్థమేమిటన్న విషయంలో ఏకాభిప్రాయం లేదు. 'తొలుచు' అనే మాట మనకు ఉన్నది గనుక, తొలిచినచోట లోటు ఏర్పడుతుంది గనుక, 'లోటుగల పది' అని చెప్పవచ్చునని మనసు ఉవ్విళ్ళూరుతుంది. ఊహ అందంగానే ఉన్నది. కాని అందం ప్రమాణం కాదు. ధ్వనిలో పోలిక ఉన్నంత మాత్రాన రెండు మాటలకు చుట్టరికం కలపరాదు.

తొంభై విషయంలో కూడ ఒక విశేషం గమనింపదగినది. తమిళంలో తొంభై చివర నూరు ఉండగా, తెలుగు తొంబదిలోను, కన్నడ తొంబత్తులోను పది ఉన్నది. ఎనుబది, డెబ్బదుల వరుసలోనికి తొంభైని కూడ చేర్చి మన భాష దానిని 'తొమ్మిది పదులు'గా మార్చుకొన్నదని చెప్పవచ్చును. తీసివేత పోయి గుణకారం వచ్చింది. భాషలు కూడ లెక్కలను సులభం చేసుకొంటాయన్నమాట.

ఎనిమిది నేర్పే జాగ్రత్త

తెలివిగల విద్యార్థి ఇక్కడ ఒక ఆక్షేపణ తేగలడు. "మిది అనగా పదియే అయితే ఎనిమిదిలో కూడ పది ఉండాలి గదా? ఎనిమిది అనగా రెండు తక్కువ పదియా?"

ఆక్షేపణ సరి అయినదే. మళ్ళీ పొరుగు భాషలనే అడుగుదాము. తమిళంలో ఎనిమిది 'ఎట్టు', కన్నడంలో 'ఎంటు'. వాటిలో పది జాడ లేదు. వాటి మూలం 'ఎణ్'. మన ఎనుబదిలో 'ఎను' పోగా మిగిలిన 'బది' నిజమైన పది. అక్కడ అది ఉండవలసినదే. ఎనిమిదిలోని 'మిది' మాత్రం ప్రక్కనున్న తొమ్మిదినుంచి అంటుకొన్నదని ఊహించడం యుక్తంగా ఉన్నది.

మాటలు ఒకదానినుంచి మరొకటి తోక అంటించుకొంటాయా అని నవ్వనక్కర లేదు. అంకెలను మనం విడివిడిగా కాక వరుసగా వల్లిస్తాము. కనుక పొరుగు అంకెల ధ్వనులు ఒకదానిమీద ఒకటి పడుతూ ఉంటాయి. సంస్కృతంలో తొమ్మిది 'నవ', లాటినులో 'నోవెమ్'. రెండింటిలోను మొదట 'న' కారమే. వీటితో చుట్టరికంగల రష్యను భాషలో మాత్రం తొమ్మిది 'దేవ్యత్'. 'న' ఉండవలసినచోట 'ద' ఎందుకు వచ్చింది? ప్రక్కనున్న పది 'దేస్యత్' గనుక. ఇట్టి సాక్ష్యం ఉన్నందువలననే ఎనిమిది విషయంలో మన ఊహకు బలం చేకూరుతున్నది.

నిలిచిన మాటలు, పోయిన మాటలు

అంకెల పేర్లు గట్టివని మనం అనుకొంటాము. చిన్న అంకెలు గట్టివే. పెద్దవి అంత గట్టివి కావు. తెలంగాణలోని ఆదిలాబాదు ప్రాంతంలోను, ఇతర రాష్ట్రాలలోను వినబడే గోండీ భాషలో ఏడు వరకు సొంత మాటలు బాగా నిలిచి ఉన్నాయి. ఆపైన అనేక మాండలికాలలో పొరుగు భాషల మాటలు ప్రవేశించినవి. ఛోటానాగపూర్ ప్రాంతపు కురుఖ్ భాషలో నాలుగు వరకే సొంత మాటలు మిగిలినవి. పాకిస్తానులోని బలూచిస్తాన్‌లో ఉన్న బ్రాహుయీ భాష కూడ మన కుటుంబంలోనిదే. అందులో ఒకటి, రెండు, మూడు మాత్రమే ద్రావిడ పదాలు. నాలుగునుంచి అన్నీ ఎరువు మాటలు. సంతలో ఏ భాషతో లెక్క కడతారో ఆ భాష అంకెలే క్రమంగా ఇంటిలోనికి వస్తాయి. పెద్ద అంకెలు ముందు పోతాయి. ఇంటిలో నిత్యం పలికే చిన్న అంకెలు చివరివరకు నిలుస్తాయి.

తెలుగు పరిస్థితి అంతవరకు రాలేదు. కాని ఒక పరిశీలన చేసి చూడండి. మీ తరగతిలో ఒక విద్యార్థిని లేపి వారి ఇంటి టెలిఫోను నంబరు చెప్పమనండి. తెలుగులో చదువుకొంటున్న విద్యార్థి అయినా 'నైన్' అనియే మొదలుపెట్టే అవకాశం ఎక్కువ. అది తప్పు కాదు. ఎక్కువ భాషలు తెలియడం మేలే. అయితే 'నైన్' అనేవాడికి అందులో పది వినబడదు. తొమ్మిది అనేవాడికి, చెవి పెట్టి వింటే, వినబడుతుంది.

అది వినడంవలన ప్రయోజనమేమి అంటే, లెక్కల ఉపాధ్యాయులకు వెంటనే పనికివచ్చే ఒక ఉదాహరణ చెబుతాను. తొమ్మిదవ ఎక్కం పిల్లలకు కష్టంగా ఉంటుంది. తొమ్మిదిని పదికి ఒకటి తక్కువగా చూడమనండి. 9 ఏడులు ఎంత? 10 ఏడులు 70. అందులో ఒక ఏడు తీసివేస్తే 63. 9 ఎనిమిదులు 80లో 8 తీసివేయగా 72. తొమ్మిదవ ఎక్కమంతా ఈ విధంగా పదవ ఎక్కంనుంచి క్షణంలో వచ్చివేస్తుంది. మన పూర్వులు వ్రేళ్ళు ముడిచి కనిపెట్టిన ఉపాయం ఇదే. దానిని వారు పలకమీద వ్రాయలేదు. మాటలో దాచి మనకు ఇచ్చారు.

ఆ విద్యార్థికి మరునాడు జవాబు చెప్పాను. అంతా విని, "అయితే ఆ 'తొ' సంగతి ఇంకా తేలలేదన్నమాటేనా మాస్టారూ?" అన్నాడు. తేలలేదనే చెప్పాను. అట్టి ప్రశ్నలు మిగిలి ఉండబట్టే గదా తరువాతి తరంవారికి పని ఉన్నది!